అడుగుకుట్టు బొలెట్టే

ఉత్తరాన మంచుసముద్రంలో ఉన్న ఇమిలిక్ దీవిలో బొలెట్టేకి పడని మనుషులు చాలామందే ఉన్నారు గానీ, చూస్తేనే కడుపులో తిప్పేంత రోత మాత్రం ఒక్క మనిషి మీదే పుట్టింది. వాడు ఆమె అల్లుడు గెర్తు. వేరే ఊళ్ళో ఉన్నవాడి మీద రోత పుడితే ఏదోలా బతకొచ్చు. ఒకే మట్టిగడ్డల ఇంట్లో, ఒకే దీపం వెలుగులో, ఇంటిల్లిపాదీ పడుకునే ఒకే అరుగు మీద పక్కపక్కన పడుకోవలసిన మనిషి మీద పుడితే అది నోట్లో పెట్టుకున్న ప్రతి ముక్కతోపాటూ లోపలికి దిగుతుంది.

రోత అంటే ఆ ఇంటి వాసన సంగతి అనుకునేరు. ఓడ దిగి వచ్చే దొరలు ఆ గుమ్మం దగ్గరే ముక్కు మూసుకుని వెనక్కి తిరిగేవారు, నిజమే. సీలు అనే నీటిజంతువు తోళ్ళని కొవ్వుతో సహా చుట్టలు చుట్టి, అరుగు కింద వెచ్చగా మగ్గబెట్టి, వెంట్రుక దానంతటదే ఊడి వచ్చేదాకా ఉంచాలి. ఆ చుట్ట విప్పినప్పుడు వచ్చే కంపుకి దొరగారికి తల తిరిగితే తిరగనీ. బొలెట్టే మాత్రం అందులో ముక్కు పెట్టి మరీ చూసి, ఇంకొక్క రోజు ఆగాలనో, ఇవాళే గీకెయ్యాలనో చెప్పేది. కంపు కొట్టే తోలులో దాపరికం ఏమీ లేదు, దాని సంగతి అది దాచుకోదు. చిక్కంతా మనుషులతోనే వచ్చింది.

ఆమె చేతికి సూది వచ్చింది పాలపళ్ళు ఊడుతున్న వయసులో. తోలు గీకే ఎముక బద్దని పక్కన పెట్టుకుని తల్లి కూర్చునేది. సూది తోలు మందంలో సగందాకానే దిగాలి. అటుపక్కన మొన కనపడిందంటే వేళ్ళ కణుపుల మీద బద్ద పడేది. ఇటునుంచి ఒక వరస, తిప్పి అటునుంచి ఒక వరస, రెండిట్లో ఏదీ తోలుని పూర్తిగా తొలవకూడదు. అంటే కుట్టు ఉంటుంది గానీ చిల్లు ఉండదు. తోలు తడిగా ఉండగా మొదలుపెట్టి ఆరకముందే ముగించాలి, లేకపోతే ఎముకలాగా బిగుసుకుపోయి సూదినే విరగ్గొడుతుంది. మెత్తబడటానికి అన్నేళ్ళు తోలు నమిలి నమిలి బొలెట్టే ముందుపళ్ళు చిగుళ్ళదాకా అరిగిపోయాయి. దానికి ఆమె ఎప్పుడూ బాధపడలేదు.

కయాక్ అంటే ఒక్క మగవాడు నడుందాకా దిగి కూర్చునే తోలుపడవ. దాని మీద కప్పు కుట్టు ఎవరైనా వేస్తారు, దాని మీద పడేది తుంపరే. కూర్చునే చోటుకి కింద, రెండు తోళ్ళు కలిసే అడుగుకుట్టు ఉంటుందే, అదలా కాదు. కయాక్ నీళ్ళలో ఉన్నంతసేపూ అది సముద్రంలోనే. మగవాడి కాళ్ళకీ సముద్రానికీ మధ్య ఉండేది ఆ కుట్టొక్కటే. ఊరి ఆడవాళ్ళంతా చుట్టూ కూర్చుని ఒక్క పూటలో కయాక్ కుట్టేసే రోజున, ఆ చోటు అడక్కుండానే బొలెట్టేకి వదిలేసేవారు. పేరు కూడా అదే పడిపోయింది, అడుగుకుట్టు బొలెట్టే అని. ఆమె భర్త మాతియాసు గాలివానలో పోయినప్పుడు కయాక్ ఒక్కటే తలకిందులుగా ఒడ్డుకి కొట్టుకొచ్చింది. మాతియాసు అన్న ఎఫ్రాయిము దాన్ని తిప్పి చూసి, ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడి, "కుట్టు ఎక్కడా వదల్లేదమ్మా," అన్నాడు ముందు. ఆమె ఏడుస్తూనే ఆ మాట విని తల ఊపింది. అదీ ఆమెకి ఆ కుట్టంటే ఉన్న పట్టింపు.

కూతురు యుదిత్తే గెర్తుని చేసుకున్నప్పుడు బొలెట్టే కాదనలేదు. వేట బాగానే చేసేవాడు. కోతలు ఎక్కువ, దుబారా ఎక్కువ, నలుగురిలో కూర్చుంటే తన గొంతే వినపడాలి, కానీ ఇంటికి సీళ్ళు వచ్చేవి. యుదిత్తే పిల్లలు బొద్దుగా ఉండేవారు. బొలెట్టే అతని కయాక్ అడుగుకుట్టు తన చేతుల్తోనే వేసింది. అల్లుడిది కదా అని ఇంకాస్త ఒత్తుగా వేసింది.

ఆ శరత్కాలం ఒక పొద్దున గాలి పూర్తిగా పడిపోయింది. సముద్రం మీద ఒక్క ముడత లేదు. సూర్యుడు కిందికి దిగి నీళ్ళ మీదనుంచి సూటిగా కళ్ళలో కొడుతున్నాడు. అలాంటి రోజున వేటగాడు సీలు తల పైకి ఎప్పుడు తేలుతుందా అని కదలకుండా, మెదలకుండా కూర్చుని ఉండాలి. ఒడ్డున తోళ్ళు గీకుతున్న ఆడవాళ్ళు తలెత్తి చూసేసరికి మూడు కయాక్‌లు ఒకదానికొకటి ఆనుకుని వస్తున్నాయి. మధ్యలో గెర్తు. అటూ ఇటూ ఎఫ్రాయిమూ, అతని పెద్దకొడుకూ. గెర్తు చేతిలో తెడ్డు లేదు.

ఇద్దరూ చేతులు పట్టి ఒడ్డు రాళ్ళ మీదికి దింపారతన్ని. యుదిత్తే పరిగెత్తి జబ్బ పట్టుకుంది. గెర్తు మొహం పాలిపోయి ఉంది. చుట్టూ చేరిన జనాన్ని ఒకసారి చూసి అన్నాడు.

"నీళ్ళొచ్చేశాయి. పాదాల దగ్గర్నుంచి పైకి, చల్లగా. కుట్టు వదిలేసింది."

"ఏ కుట్టు?" అంది బొలెట్టే.

"అడుగుది, అత్తా," అన్నాడు గెర్తు నేలకేసి చూస్తూ.

జనం బొలెట్టే వైపు తిరిగారు. మగవాళ్ళు కయాక్‌ని ఎత్తి, కుక్కలకి అందకుండా మంచె మీద పెట్టి వెళ్ళిపోయాక, ఆమె దగ్గరికెళ్ళి లోపలికి మోచేతి దాకా చెయ్యి పెట్టింది. కూర్చునే చోట పరిచిన తోలుముక్కని తడిమింది. పొడిగా ఉంది. దాని కింద వేలు పెట్టి కుట్టు వెంబడి రాసింది. పొడి. వేలు ముక్కు దగ్గర పెట్టుకుంటే పాత కొవ్వు వాసనే గాని ఉప్పు వాసన లేదు. అప్పుడు మొదటిసారి ఆమెకి ఒళ్ళంతా జిలపుట్టింది. మనిషి ముద్దగా తడిసి చచ్చేంత నీళ్ళు ఎక్కడికి పోయాయి?

ఎఫ్రాయిము తన ఈటెలు సర్దుకుంటున్నాడు. ఆమె వెళ్ళి ఎదురుగా నిలబడింది.

"నీళ్ళేవి, బావా?"

"ఏం నీళ్ళు?"

"మీరు తీసుకొచ్చినవాడి పాదాల దగ్గర్నుంచి పైకొచ్చిన నీళ్ళు."

ఎఫ్రాయిము చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "నేను వెళ్ళేసరికి తెడ్డు అడ్డంగా పట్టుకుని, కయాక్ ముక్కు వంకే చూస్తూ కొయ్యబారిపోయున్నాడు. పిలిస్తే పలకలేదు. నా కయాక్ తెచ్చి పక్కన ఆనించాక ఊపిరి తీసుకున్నాడు."

"అంటే తిమ్మిరి."

"ఆ మాట నోట్లోంచి రానీకు. ఎవరికైనా రావచ్చది. రేపు నాకూ రావచ్చు."

"మరి నా కుట్టు?"

"కుట్టుదేముంది, మళ్ళీ కుట్టుకోవచ్చు," అన్నాడు ఎఫ్రాయిము, ఎంతో నెమ్మదిగా, చిన్నపిల్లకి సర్ది చెప్పినట్టు.

ఆ నెమ్మదికి అతని మొహాన ఉమ్మాలనిపించింది బొలెట్టేకి. మగవాడికి మాట రాకూడదు, అంతే. దానికోసం ఒక ఆడదాని చేతిపని బురదలో పడితే పడనీ. వీళ్ళంతా నేను కుట్టిన తోలు మీద కూర్చుని ముసలివాళ్ళయినవాళ్ళే కదా అనుకుంది.

కయాక్ తిమ్మిరంటే ఏమిటో ఆ తీరంలో పాలు తాగే పిల్లలకి తప్ప అందరికీ తెలుసు. నీళ్ళు అద్దంలా ఉన్న రోజున, కదలకుండా కూర్చున్న మనిషికి ఉన్నట్టుండి కయాక్ ముక్కు దూరంగా జరిగిపోతున్నట్టు ఉంటుంది. పాదాలు చల్లబడతాయి. ఆ చల్లదనం నడుందాకా పాకుతుంది. కయాక్ నిండిపోతోందని, మునిగిపోతున్నానని అనిపిస్తుంది. చెయ్యి కదిపితే బోల్తా పడతానని భయం, కదపకపోతే మునుగుతానని భయం. లోపల చుక్క నీరుండదు. ఊళ్ళో హోషేయ అని ఒకతను ఉన్నాడు, ఒకప్పుడు కొమ్ముల్లాంటి పళ్ళున్న వాల్రస్‌లని కొట్టిన మనిషి. తిమ్మిరి వచ్చాక కయాక్ ఎక్కడం మానేశాడు. ఇప్పుడు ఆడవాళ్ళతో కలిసి ఆలుచిప్పలు ఏరుకుంటాడు. మాంసం పంచేటప్పుడు అందరి వెనకా నిలబడతాడు. పిల్లలు అతని మీద నీళ్ళు చిలకరించి, "మునిగిపోతున్నావు మావా," అని నవ్వుతారు. అతని పెళ్ళాం ఆ నవ్వు విననట్టు నటించడం నేర్చుకుంది.

గెర్తు హోషేయ కాదలుచుకోలేదు. అదీ సంగతి. నిజంగా నీళ్ళొచ్చిన వేటగాడైతే మర్నాడు పొద్దున్నే మంచె ఎక్కి కుట్టు ఎక్కడ వదిలిందో వెతుక్కుంటాడు. గెర్తు ఒక్కసారి కూడా ఆ కయాక్ వైపు వెళ్ళలేదు. బొలెట్టే అది కనిపెట్టింది. అబద్ధమాడుతున్నానని వాడికీ తెలుసు.

కాఫీకి ఎవరొచ్చినా ఆ కథే. మొదటి రోజు నీళ్ళు చీలమండలదాకా వచ్చాయి. తర్వాత వచ్చినవాళ్ళకి మోకాళ్ళదాకా. వారం తిరిగేసరికి నడుందాకా వచ్చి, గెర్తు ఒక చేత్తో తెడ్డు వేస్తూ ఇంకో చేత్తో నీళ్ళు తోడిపోశాడు. బొలెట్టే అరుగు మూల కూర్చుని తోలు నములుతూ అంతా వినేది. కథ చెప్పేటప్పుడు వాడి గడ్డం మీదనుంచి కొవ్వు కారేది, తుడుచుకునేవాడు కాదు. ఇతరుల ఇళ్ళనుంచి వచ్చిన మాంసం అది. పాపం, అత్త కుట్టు మూలంగా కూర్చుండిపోయాడని జాలిపడి పంపినది. ఎముకలోంచి మూలుగు చప్పరిస్తూ, "మా అత్తని ఏమీ అనకండి, పెద్దదైపోయింది," అనేవాడు. ఆ చప్పరింపు వినపడగానే ఆమె తోలుని ఇంకా గట్టిగా నమిలేది.

ఒకరోజు ఉండబట్టలేక అంది. "తీసుకురా కయాక్. విప్పి నీ కళ్ళెదురుగా మళ్ళీ కుడతాను."

"ఎందుకత్తా నీకా శ్రమ," అన్నాడు గెర్తు మెత్తగా. "కళ్ళు మసకేస్తున్నాయి కదా."

"సూదిలో దారం ఎక్కించి చూపించనా?"

"అయ్యో, నేనేమన్నాను? నీ మంచికే చెప్తున్నా."

మంచికే. పాచిపట్టిన నీళ్ళు తాగినట్టయింది ఆమెకి. తిట్టినా బాగుండేది.

ఆ తర్వాత ఊళ్ళో ఒక కొత్త కయాక్ కుట్టారు. బొలెట్టేని పిలవడానికి ఎవరూ రాలేదు. పిలవకపోయినా వెళ్ళింది. ఆడవాళ్ళు సర్దుకుని చోటిచ్చారు, చివరన, అంచులు నమిలి మెత్తచేసే పిల్లల పక్కన. అడుగుకుట్టు దగ్గర అమాలీ కూర్చుంది. అమాలీ ఆమె కంటే చాలా చిన్నది, మాట పెళుసు, చెయ్యి మంచిది. బొలెట్టేకి ఆ అమ్మాయంటే ఎప్పుడూ పడేది కాదు, ముఖ్యంగా చెయ్యి మంచిది కాబట్టి.

"పెద్దమ్మా, అంచులు నమలడానికి పళ్ళున్నాయా ఇంకా?" అంది ఒకామె. అందరూ నవ్వారు.

"మీ ఆయన్ని కొరకడానికి సరిపోతాయిలే," అంది బొలెట్టే. అప్పుడు కూడా నవ్వారు. కానీ సూది మాత్రం ఎవరూ ఇవ్వలేదు. పొద్దువాలేదాకా అంచులు నమిలి, ఇచ్చిన కాఫీ తాగకుండా ఇంటికొచ్చింది.

వేట రోజులు కరిగిపోతున్నాయి. సముద్రం గడ్డకట్టేలోపల ప్రతి కయాక్ నీళ్ళలో ఉండాలి. ఒకటి మంచె మీద ఊరికే పడుంటే ఊరంతటికీ నష్టం. ఎఫ్రాయిము పెద్దరికం చేసి తలా ఒక తోలు ఇప్పించాడు. గెర్తు కయాక్‌కి పాత తోలు ఒలిచేసి కొత్తది వెయ్యాలి, అమాలీ కుట్టాలి, సోమవారం పెట్టుకుందాం అన్నారు. గెర్తు కాదనలేకపోయాడు. కాదనడానికి ఏం మిగిలింది? సరేనంటూ వాడు నోటిదాకా తెచ్చిన మాంసం ముక్కని తినకుండా పక్కన పెట్టడం బొలెట్టే చూసింది. ఒక్క క్షణం జాలి వేసింది. ఆ జాలి మీద కూడా రోత పుట్టిందామెకి.

శనివారం అమాలీ మంచె దగ్గరికి వచ్చి కయాక్ చుట్టూ తిరిగింది. దాని పొట్ట కింద చెయ్యి పోనిచ్చి కుట్టు తడిమింది. చాలాసేపు తడిమింది. తర్వాత అక్కడున్న ఆడవాళ్ళందరికీ వినపడేలా చెప్పింది.

"ఒలిచే ముందు దీన్ని రాళ్ళ మీద నిలబెట్టి లోపల నీళ్ళు పోస్తాను. ఎక్కడ కారుతుందో చూశాకే కత్తి పెడతాను. రేపు నా కుట్టు కూడా కారిందని ఎవరైనా అంటే నేనేం కావాలి?"

మర్యాదగానే అంది, కానీ బొలెట్టే వైపు చూసి అంది. ఆ పెళుసు పిల్ల తనకోసం ఆ మాట అందని బొలెట్టేకి అర్థమైంది. సోమవారం నీళ్ళు పోస్తారు. చుక్క కారదు. ఊరంతా చూస్తుంది. గెర్తుగారి నడుంలోతు సముద్రం అప్పుడేమవుతుందో చూడాలి. ఇంటికి వెళ్తూ దారిలో నవ్వుకుంది కూడా.

ఇంట్లో యుదిత్తే తోలు గీకుతోంది. తల ఎత్తలేదు.

"అమాలీ అన్న మాట విన్నానమ్మా."

"వినే ఉంటావులే."

"నీళ్ళు పోస్తే కారదు కదూ?"

బొలెట్టే కూతురి ఎదురుగా కూర్చుంది. "నీకు తెలుసన్నమాట."

"ఆయన పక్కన పడుకునేదాన్ని నాకు తెలియదా? గాలి పడిపోయిన రోజున పొద్దున్నే లేచి వాంతి చేసుకుంటాడు." యుదిత్తే గీకుతూనే ఉంది. "కారకపోతే మేమేమైపోవాలి?"

"సిగ్గు లేదూ నీకు? మీ అమ్మ పేరు వాడు ఊరంతా ఈడుస్తుంటే నోరు మూసుకుని కూర్చున్నావా ఇన్నాళ్ళూ?"

"సిగ్గు చూసుకుంటే పిల్లలకి ఏం పెట్టను? హోషేయ పిల్లల్ని చూశావుగా. ఆ చిన్నదాని మెడ ఎలా పుల్లలా అయిపోయిందో చూశావుగా." ఇప్పుడు తలెత్తింది. "నీకు పేరు పోయింది, అంతే. ఆయన పేరూ పోతే మాకు తిండి పోతుంది."

"వాడు ఎలాగూ కయాక్ ఎక్కలేడే పిచ్చిదానా."

"కుట్టుదే తప్పని ఆయన నమ్మితే ఎక్కుతాడేమో. నమ్మాలనే చూస్తున్నాడు. ఎవరూ నమ్మనివ్వడం లేదు."

ఆ మాట విన్నాక బొలెట్టేకి కూతురి మొహం చూడబుద్ధి కాలేదు. కూతురు అన్నదాంట్లో అబద్ధం లేకపోవడం ఇంకా అసహ్యంగా ఉంది. లేచి బయటికి వెళ్ళి కుక్కలని తిట్టింది.

ఆదివారం అందరూ ప్రార్థనకి వెళ్ళారు. కడుపులో బాగోలేదని బొలెట్టే వెళ్ళలేదు. అందులో అబద్ధమేమీ లేదు. అవతల గుడిసెలాంటి చర్చిలోంచి పాట మొదలయ్యాక, సూదీ దారమూ చిన్నకత్తీ గుప్పిట్లో పెట్టుకుని మంచె కిందికి వెళ్ళింది.

కత్తితో కోసెయ్యడం తేలిక. కానీ కోసిన దారం కోసినట్టే కనపడుతుంది, అమాలీ ఒక్క చూపులో పట్టేస్తుంది. చేతకాని కుట్టు అయి ఉండాలి. బొలెట్టే అడుగుకుట్టులో జానెడు దూరం విప్పింది. ముసలి దారం తేలిగ్గా రాలేదు, తన బిగింపు తనకే అడ్డం వచ్చింది. విప్పినచోట, వెంట తెచ్చుకున్న వేడి తడిగుడ్డతో తోలుని నానబెట్టి, మళ్ళీ కుట్టడం మొదలుపెట్టింది, సూది నేర్చుకోవడానికి వచ్చిన పిల్ల ఎలా కుడుతుందో అలా. సూదిని తోలులో పూర్తిగా దింపింది. మొన అటుపక్క బయటికి వచ్చి వేలికి తగిలింది. అలా తగలడం పసితనం తర్వాత ఇదే మొదటిసారి. సూది తీసి పారేసి చెయ్యి మంచుమీద రుద్దుకుంది. మళ్ళీ సూది వెతికి తీసుకుంది. ఒక పోటు ఎడంగా, ఒక పోటు దగ్గరగా, దారం వదులుగా. కుక్క వాంతిని చేత్తో ఎత్తుతున్నట్టుంది. చర్చిలో పాట ఆఖరి చరణానికి వచ్చేసరికి పని అయింది. చూస్తే ఎవరో చవట కుట్టినట్టే ఉంది. పైన పాత కొవ్వు రాసి, ఇంటికొచ్చి, ముసుగు తన్ని పడుకుంది.

సోమవారం కయాక్‌ని రెండు రాళ్ళ గుట్టల మీద నిలబెట్టారు. ఊరంతా వచ్చింది. హోషేయ కూడా వచ్చి వెనక నిలబడ్డాడు. గెర్తు చేతులు చంకల్లో పెట్టుకుని, ఉరికి తెచ్చినవాడిలా ఉన్నాడు. అమాలీ తోలుబాల్చీతో సముద్రపు నీళ్ళు తెచ్చి పోసింది. ఒకటి, ఇంకొకటి. జనం వంగి అడుగుకేసి చూస్తున్నారు.

ముందు ఒక చుక్క లావై, వేలాడి, పడింది. తర్వాత వరసగా పడ్డాయి. తర్వాత సన్నటి ధారే కట్టింది.

ఎవరూ బొలెట్టే వైపు చూడలేదు. ఆమె మాత్రం గెర్తునే చూస్తోంది. ముందు వాడికి అర్థం కాలేదు. ముందుకొచ్చి ధారలో చెయ్యి పెట్టాడు. తడిసిన చేతిని చూసుకున్నాడు. అప్పుడు వాడి మొహం మెల్లగా విచ్చుకుంది. అది దొంగ దొరకకుండా తప్పించుకున్నప్పటి మొహం కాదు. తన మాట నిజమని ఇప్పుడే తెలిసినవాడి మొహం. నీళ్ళొచ్చాయి, నిజంగానే వచ్చాయి, నాకేమీ లేదు, నేను బాగానే ఉన్నాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి వాడికి.

"చెప్పానా," అన్నాడు. ఎవరితోనో కాదు, తనతోనే.

అమాలీ కయాక్ కిందికి దూరి కుట్టు మీద బొటనవేలు పెట్టి రాసింది. కొత్తగా పొడిచిన చోట తోలు లోపలి తెలుపు కనపడుతూనే ఉంది. శనివారం తను తడిమిన కుట్టు ఇది కాదని ఆ చేతికి తెలియకుండా ఎలా ఉంటుంది? కిందనుంచే బొలెట్టే కళ్ళలోకి చూసింది. బొలెట్టే తల అడ్డంగా ఊపింది, కనపడీ కనపడనట్టు. అమాలీ పళ్ళు కొరుక్కుంది. లేచి చేతులు దులుపుకుంది.

"పెద్దదైపోయింది, చెయ్యి తప్పింది," అంది గట్టిగా. "కత్తి ఇటివ్వండి." ఆ గొంతులో ఉన్న ఏవగింపు ఎవరి మీదో అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

కొత్త తోలు ఆరి డోలులా బిగిశాక గెర్తు నీళ్ళలోకి దిగాడు. మొదట్లో ఎఫ్రాయిము పక్కనే వెళ్ళేవాడు. గాలి పడిపోయిన రోజు కూడా ఒకటి వచ్చింది. ఒడ్డున యుదిత్తే గోళ్ళు కొరుక్కుంటూ నిలబడింది. గెర్తు సీలుని తాడుకి కట్టి ఈడ్చుకుంటూ, పాట పాడుకుంటూ వచ్చాడు. కుట్టు బాగుంది కదా, ఇక భయమెందుకు? తిమ్మిరి మళ్ళీ వాడి జోలికి రాలేదు.

కొత్త తోలు మీద కొట్టిన మొదటి సీలు వెనక ఈతరెక్కలు అడుగుకుట్టు వేసినావిడకి వెళ్తాయి. అమాలీకి వెళ్ళాయి. ఆమె వాటిని తినకుండా కుక్కలకి వేసిందని తర్వాత తెలిసింది. మిగతా మాంసం పంచుతూ గెర్తు ఒక మంచి ముక్క కోసి, అందరి మధ్యలోంచి నడిచొచ్చి బొలెట్టే చేతిలో పెట్టాడు.

"తిను అత్తా. నా మనసులో ఏమీ లేదు. నిన్ను ఎప్పుడో క్షమించేశాను."

ఎంత మంచివాడే యుదిత్తే మీ ఆయన, అన్నారు ఆడవాళ్ళు. యుదిత్తే తల్లి వైపు చూడకుండా చిన్నపిల్లకి మాంసం తినిపిస్తోంది. బొలెట్టే ముక్క నోట్లో పెట్టుకుంది. అరిగిన పళ్ళతో నమిలింది. మింగేదాకా గెర్తు అక్కడే, నవ్వుమొహంతో, నిలబడ్డాడు.

తర్వాత చాలా ఏళ్ళు బతికింది బొలెట్టే, వాడి ఇంట్లోనే, వాడి వేట మీదే. వాడు ఏనాడూ పరుషంగా మాట్లాడలేదు. కొత్తవాళ్ళెవరైనా వస్తే కథ మొత్తం చెప్పి, చివర్లో ఆమె భుజం తట్టేవాడు. ఆ చెయ్యి పడినప్పుడల్లా ఆమె చర్మం ముడుచుకునేది.

యుదిత్తే చిన్నపిల్ల సూది పట్టే వయసుకి వచ్చింది. ఒకరోజు వాన పడుతుంటే బొలెట్టే దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని, రెండు తోలుముక్కలు కలిపి, దాని వేళ్ళ మీద తన వేళ్ళు పెట్టి మొదటి పోటు వేయించింది. పిల్ల చెయ్యి తేలిక. బొలెట్టేకి చాలాకాలం తర్వాత సంతోషంలాంటిది కలిగింది. గెర్తు చూసి లేచొచ్చాడు. వంగి, పిల్ల చేతిలోంచి సూది మెల్లగా తీసుకున్నాడు.

"అమాలీ పెద్దమ్మ దగ్గర నేర్చుకుందువుగాని తల్లీ," అన్నాడు ముద్దుగా. "అమ్మమ్మ కుట్టు సంగతి తెలుసు కదా మనకి."

పిల్ల అమ్మమ్మ వైపు చూసింది. తర్వాత తోలుముక్కలు ఒళ్ళోంచి తీసి పక్కన పెట్టి, చేతులు గౌనుకి తుడుచుకుంది.